చక్రాల హాలుని మూసింది జనం కాదు

ముందే చెప్పేస్తున్నాను, నాకు రాయడం రాదు. మూడో తరగతి దాకా చదివాను, అదీ రైల్వే బడిలో, సగం హిందీలో. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఎక్కడ తియ్యాలో ఇప్పటికీ నాకు తెలీదు. మా అమ్మాయి పక్కన కూర్చుని చెప్తుంది, పేజీ తిప్పేలోపు మర్చిపోతాను. ఇంతవరకూ నేను రాసినవి సంతకం, ఊరికి కార్డు ముక్కలు, అంతే. అక్షరం వంకరగా ఉన్నా, మాట వెనకదీ ముందుదీ అయినా మీరే సర్దుకుని చదవండి. రాస్తుంటే పెన్ను పదే పదే ఆగుతోంది. వయసు వల్ల కొంత, భయం వల్ల కొంత. కోపం వల్ల కూడా.

కోపం ఎందుకంటే, మొన్న మా రైల్వే ఇన్‌స్టిట్యూట్, అదే రైల్వే వాళ్ళ క్లబ్బు, దాని వరండాలో కూర్చున్నాను. రిటైరయ్యాక కూడా కాళ్ళు అటే తీసుకెళ్తాయి. ఇద్దరు కుర్ర క్లర్కులు పక్క బల్ల మీద మాట్లాడుకుంటున్నారు.

"బ్యాడ్మింటన్‌కి ఎవడూ రావట్లేదు భాయ్. బొంబాయి నుంచి పెద్ద ప్లేయర్ ఒకణ్ణి తెప్పిస్తే? ఒక్క షో చాలు, ఆట మళ్ళీ లేస్తుంది."

"ఏం లేవదు. స్కేటింగుకి అలాగే తెప్పించారట కదా. అంత పెద్దావిడ వచ్చి ఆడినా హాలు మూతపడింది. జనానికే ఇష్టం లేకపోతే ఎవరేం చేస్తారు?"

లేచి వచ్చేశాను. నలుగురిలో గట్టిగా మాట్లాడడం నాకు చాత కాదు. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. జనానికి ఇష్టం లేక కాదు. నేను అక్కడున్నాను. నా కళ్ళతో చూశాను. ఇలాంటి హాళ్ళలో, క్లబ్బుల్లో కొత్తగా పనికి చేరే పిల్లలకి నిజం తెలియాలని రాస్తున్నాను.

నేను చేసిన పని

నా పేరు సింహాచలం. మా నాన్న బొబ్బిలి వైపు నుంచి రాయ్‌పూర్‌కి రైలు పట్టాల గ్యాంగు పనికి వచ్చాడు. నేను స్టేషను వెనక క్వార్టర్లలోనే పుట్టి పెరిగాను. ఇన్‌స్టిట్యూట్‌లో టేకు చెక్క నేల ఉన్న పెద్ద హాలు ఒకటి ఉండేది. మా వాళ్ళు దాన్ని చక్రాల హాలు అనేవాళ్ళు. ఆ నేల చూసుకోవడం, స్కేట్లకి నూనె వెయ్యడం, వచ్చినవాళ్ళ కాళ్ళకి అవి కట్టడం, పడినవాళ్ళని లేపడం నా పని.

స్కేటింగు అంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెప్తాను. కాళ్ళకి చక్రాలు కట్టుకుని జారడం. చలి దేశాల్లో గడ్డకట్టిన మంచు మీద ఇనప బద్దలు కట్టుకుని జారతారట. ఇక్కడ మంచు ఎక్కడిది? మాకు చెక్కే మంచు. ఇందులో ఫిగర్ స్కేటింగని ఒకటుంది. అది పరుగు కాదు. నేల మీద తెల్ల రంగుతో గుండ్రాలు గీసి ఉంటాయి. ఒక గుండ్రాన్ని తాకుతూ ఇంకోటి. ఒంటి కాలి మీద ఒళ్ళు వంచి, గీత తప్పకుండా, ఎనిమిది అంకె వెయ్యాలి. ముందుకి వెయ్యాలి, తర్వాత వీపు తిప్పి వెనక్కి వెయ్యాలి. చూసేవాడికి ఏమీ లేనట్టు ఉంటుంది. చేసేవాడికి చీలమండ దగ్గర్నుంచి మెడ దాకా తెలుస్తుంది.

ఉద్యోగం బయటికి చూస్తే ఊడవడం, తుడవడం. అసలు పని వేరే. భయపడేవాడి మొహం చూడగానే తెలుసుకోవాలి. కొత్తగా వచ్చినవాడికి పట్టీ కట్టేటప్పుడు నేను మాట్లాడుతూనే ఉండేవాణ్ణి, వాడి ఊరేమిటి, ఇంట్లో ఎవరున్నారు అని. ధ్యాస మాట మీద పడితే కాలు బిగుసుకోదు. లేచి నిలబడ్డాక మోచెయ్యి పట్టుకోవాలి, అరచెయ్యి కాదు. అరచెయ్యి ఇస్తే నిన్ను కూడా లాక్కుని పడతాడు. ఒకసారి ఒక లావుపాటి కాంట్రాక్టరు నన్ను అలాగే లాగాడు. కింద నేను, మీద ఆయన. లేచి నాకే చెప్పాడు, జాగ్రత్తగా ఉండాలయ్యా అని.

బార్టన్ దొర

నాకు పని నేర్పింది బార్టన్ దొర. ఆయన మెయిల్ బండి డ్రైవరు, ఆంగ్లో ఇండియను. డ్యూటీ లేనప్పుడు హాలు చూసుకునేవాడు. కోపిష్టి. నోట్లోంచి వచ్చే హిందీలో సగం బూతులు. చేరిన మొదటి రోజు నేను బకెట్టుతో నీళ్ళు, గుడ్డ తెచ్చాను, నేల తుడుద్దామని. ఇంట్లో అదే కదా చూశాను. ఆయన బకెట్టు కాలితో తన్నాడు. నీళ్ళు వరండాలోకి పోయాయి.

"ఇది మీ అమ్మ వంటిల్లు కాదు," అన్నాడు హిందీలో. "చెక్క నీళ్ళు తాగుతుంది. తాగి ఉబ్బుతుంది. ఉబ్బి లేస్తుంది. లేచిన చెక్క మీద చక్రం పడితే పిల్ల పళ్ళు రాలతాయి. పళ్ళు నువ్వు ఇస్తావా?"

ఆ రోజు నుంచి నా నేల మీద నీళ్ళ చుక్క పడనివ్వలేదు. పొడి గుడ్డతో తుడవడం, చక్రం పట్టడానికి కొంచెం గుగ్గిలం పొడి జల్లడం, అంతే. వానాకాలంలో గుమ్మం దగ్గర గోనె సంచులు పరిచేవాణ్ణి. ఎవరి గొడుగైనా లోపలికొస్తే నేనే లాక్కునేవాణ్ణి, అది ఆఫీసరుదైనా సరే. మా ఇంట్లో కూడా నీళ్ళు ఒలికితే ముందు తుడిచి తర్వాత మాట్లాడడం అలవాటైపోయింది. మా ఆవిడ నవ్వేది.

దొర మంచివాడని అనను. మన పిల్లలు హాలు కిటికీ దగ్గర నిలబడితే కర్ర చూపించేవాడు. స్వాతంత్య్రం వచ్చాక వాళ్ళ కుటుంబాలు ఒక్కొక్కటే ఓడెక్కి వెళ్ళిపోవడం మొదలైంది. హాలు ఖాళీ అయింది. వెళ్ళే ముందు ఆయన స్కేట్ల పెట్టె తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఎవరైనా సరే, తిరగనీ. తిరగకపోతే చెక్క చస్తుంది," అన్నాడు. అన్నాళ్ళు కర్ర చూపించి, పోయేటప్పుడు ఆ మాట అన్నాడు. ముందే అంటే ఏం పోయింది అని నాకు ఇప్పటికీ మంటే.

ఆడవాళ్ళ గంట

మొదట వచ్చింది అప్పలనరసమ్మ వదిన. యార్డులో షంటింగ్ ఇంజను నడిపే షంటర్ రాములన్న భార్య. నాకు చుట్టం కాదు, పక్క క్వార్టరు, ఒకే వైపు వాళ్ళం, అందుకని వదిన. ఐదుగురు పిల్లల తల్లి. ఆవిడ నోరు స్టేషను దాకా వినిపించేది. ఒక శనివారం మధ్యాహ్నం రాములన్నకి క్యారేజీ ఇచ్చి వెళ్తూ, హాలు తలుపు తెరిచి ఉంటే లోపలికి చూసింది. నేను ఒక్కణ్ణే ఎనిమిది వేస్తున్నాను.

"ఏటి బావూ, కాలితో ముగ్గెడతన్నావా?"

"అలాంటిదే వదినా."

"మరి సుక్కలేవి?"

"చుక్కలు మనసులో ఉండాలి."

"నా కాలికి కట్టు. సూద్దాం."

"పడితే నడుం విరుగుద్ది వదినా."

"ఇరిగితే మీ అన్న వొండుకుంటాడు. కట్టు."

కట్టడానికి ఆవిడ కాలికి బూటు లేదు. మా ఆడవాళ్ళకి ఎవరికీ బూట్లు లేవు. స్కేటు బూటు అడుగు అట్టని పట్టుకుని ఉంటుంది, ఉత్త కాలికి నిలవదు. దాని గురించి చాలా ఆలోచించాను. చివరికి వర్క్‌షాపులో పారేసిన మిషను బెల్టు తోలు అడిగి తెచ్చి, గుఢియారీ పేటలో ఉన్న మోచీ చేత మందపాటి చెప్పులు కుట్టించాను, మడమ వెనక పట్టీతో. ఆ చెప్పులకి స్కేట్లు బిగిస్తే కదలకుండా నిలిచాయి. చీర గోచీ పోసి కట్టుకుని, కొంగు నడుముకి బిగించి, నరసమ్మ వదిన నేల మీదికి దిగింది. దిగిన చోటే కూలబడింది.

"నవ్వినావంటే ఈ సెక్రంతోనే కొడతాను," అంది కింద కూర్చునే.

నవ్వలేదు. మళ్ళీ వారం ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చింది. తర్వాత మగవాళ్ళు కిటికీల దగ్గర మూగడం మొదలెట్టారు. అందుకని శనివారం మధ్యాహ్నం ఒక గంట ఆడవాళ్ళకే అని అప్పటి ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీని బతిమాలి, కిటికీలకి పాత తెరలు కట్టాను. పాయింట్స్‌మన్ భార్య, బళ్ళో పంతులమ్మ, ఒక ఛత్తీస్‌గఢీ కుటుంబం నుంచి అత్తాకోడళ్ళు ఇద్దరూ. అత్తగారు పడితే కోడలు నోరు మూసుకునేది. కోడలు పడితే అత్తగారు పగలబడి నవ్వేది. నేను గుమ్మం దగ్గర వీపు తిప్పి కూర్చుని పట్టీలు కుట్టుకునేవాణ్ణి, పిలిస్తేనే వెళ్ళేవాణ్ణి.

హాలు నిండేదని చెప్పను. ఎప్పుడూ నిండలేదు. కానీ వచ్చినవాళ్ళు మళ్ళీ వచ్చేవాళ్ళు. నరసమ్మ వదిన ముందుకి ఎనిమిది వేసేది, వెనక్కి కూడా సగం దాకా వేసేది. "ఇంటికాడ ఎవులో ఒకలు పిలస్తానే ఉంటారు బావూ. ఈ గుండ్రం మీదున్నంత సేపు నన్నెవులూ పిలవరు," అందొకసారి. ఆ గంట ఆవిడకి ఏమిటో నాకు ఆ రోజే అర్థమైంది. ఇక ముందు నేను చెప్పబోయేది ఆ గంట గురించే.

సెక్రటరీ గారి ఆలోచన

కొత్త సెక్రటరీ కామేశ్వరరావు గారు అకౌంట్సులో పెద్ద గుమాస్తా. కాకినాడ వైపు ఆయన. చదువుకున్నవాడు, సౌమ్యుడు, నన్ను ఏనాడూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది అనిపిస్తుంది. ఆయన ఒక సాయంత్రం హాలు మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు.

"ఏమయ్యా సింహాచలం, ఇంత హాలు, ఇంతే మందా?"

"శనివారం ఆడవాళ్ళు వస్తారండి బాబుగారు. బాగా నేర్చుకున్నారు."

"అది కాదయ్యా. జనంలో ఆసక్తి చచ్చిపోయింది. దాన్ని మళ్ళీ లేపాలి. బొంబాయిలో పెరిన్‌బాయి అని ఒకావిడ ఉంది. ఫిగర్ స్కేటింగులో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు. పేపర్లో ఫోటోలు పడతాయి. ఆవిడ ఒక్కసారి వచ్చి ఇక్కడ ఆడిందంటే ఊరు ఊరంతా స్కేటింగు అంటుంది, చూస్తూండు."

నాకూ ఆశ పుట్టింది. ఎందుకు పుట్టదు? అంత పెద్దావిడ నా నేల మీద తిరుగుతుంది అంటే నాకు నిద్ర పట్టలేదు. ఆవిడ ఒప్పుకుంది కూడా. ఊరంతా షో గురించి అట్టలు కట్టారు, గోల్ బజార్ దాకా.

మరుసటి వారం సెక్రటరీ గారు నన్ను పిలిచి, షో అయ్యేదాకా హాలు మూసెయ్యమన్నారు.

"ఎందుకండి?"

"నేల గీతలు పడకుండా ఉండాలి. ఆవిడొచ్చేసరికి అద్దంలా ఉండాలి."

"చక్రం తిరుగుతుంటేనే చెక్క నున్నగా ఉంటుందండి. ఆడవాళ్ళ గంట ఒక్కటీ ఉంచండి బాబుగారు."

"ఆడవాళ్ళ కోసమేనయ్యా ఇదంతా. ఒక్క నెల ఓపిక పట్టలేరా?"

నరసమ్మ వదినకి చెప్తే, "మా కోసమని మమ్మల్నే బయటెడతారా, ఇదేటి బావూ," అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. అప్పుడు నవ్వాం.

పెరిన్‌బాయి వచ్చిన రోజు

ఆ రోజు పొద్దున నన్ను మెయిలుకి పంపారు, ఆవిడ పెట్టెలు దించి తేవడానికి. బండి ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద చాలాసేపు నిలబడ్డాను. ఆవిణ్ణి గెస్టు హౌసులో దింపి, స్కేట్ల పెట్టె నెత్తిన పెట్టుకుని హాలుకి వచ్చాను. గుమ్మంలోనే నా కాలు తడిసింది.

ఆఫీసర్ల భార్యలు ముగ్గురు నలుగురు, సెక్రటరీ గారి భార్య ముందుండి, పనివాళ్ళ చేత నేలంతా బకెట్లతో కడిగించారు. పసుపు నీళ్ళతో. నడి మధ్యలో, గుండ్రాలు కలిసే చోట, తడి పిండితో పెద్ద పద్మం ముగ్గు వేశారు. పక్కన కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్ళు కూడా అక్కడే.

"అదేమిటి సింహాచలం, అలా నిలబడ్డావు?" అంది సెక్రటరీ గారి భార్య. చాలా సంతోషంగా ఉంది ఆవిడ. "అంతటి మనిషి గుమ్మంలోకొస్తుంటే కడక్కుండా, ముగ్గు పెట్టకుండా ఎలాగ? ఇంటికైతే చెయ్యమూ?"

ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడకి తెలిసిన గౌరవం అదే, మనసారా చేసింది. నా కోపం వాళ్ళాయన మీద. ఆయన పక్కనే నిలబడి చూశాడు. చెక్క మీద నీళ్ళు వద్దని నేను ఆయనకి ఎన్నిసార్లు చెప్పానో. "మంగళకరం కదయ్యా, ఒక్కరోజుకి ఏమవుతుంది, ఎండకి ఆరిపోతుంది," అన్నాడు. ఆయన మొహంలో ఒక రకమైన మెత్తదనం ఉంటుంది. ఎంత చెప్పినా అందులో పడి మునిగిపోతుంది.

మధ్యాహ్నమంతా మోకాళ్ళ మీద పాకి పొడి గుడ్డలతో అద్దాను. కిటికీలన్నీ తీశాను. ఇంటి నుంచి దుప్పట్లు తెచ్చి పరిచాను. గుమ్మం వైపు సగం చెక్కలు అంచులు లేచిపోయాయి. చేత్తో తడిమితే తెలుస్తోంది. స్టేజీ వైపు సగం కొంచెం నయం.

సాయంత్రం జనం విరగబడ్డారు. అది నిజం. కిటికీలెక్కారు. లేచిన చెక్కల మీదే కుర్చీలు వేశారు, ముందు వరసలో ఆఫీసర్లు. పెరిన్‌బాయి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, జుట్టు బిగించి కట్టుకుని ఉంది. మైకులో సెక్రటరీ గారు ఏదో చదువుతుంటే ఆవిడ వంగి చెక్కని వేలితో రాసింది. వేలు చూసుకుంది. తల తిప్పి, "ఈ ఫ్లోరు ఎవరిది?" అని హిందీలో అడిగింది. నేను ముందుకెళ్ళాను.

"నీళ్ళు ఎవరు పోశారు?"

ఆవిడ ముందు వరస వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసి, "ఎంత మేర ఆరింది?" అంది. చెయ్యితో చూపించాను. "చాలు. అంతలోనే చేస్తాను. నువ్వు అక్కడ నిలబడు, నేను హద్దు దాటబోతే చెయ్యి ఎత్తు."

ఆవిడ చేసింది. నాకు మాటలు రావు. సగం హాల్లో, గోడకీ నాకూ మధ్య, ఆవిడ గుండ్రాల మీద గుండ్రాలు వేసింది. చప్పుడు కూడా మారలేదు, ఒకే చప్పుడు, మరమగ్గం తిరిగినట్టు. నేను రెండు సార్లే చెయ్యి ఎత్తాను.

జనం చప్పట్లు ఆగలేదు. అప్పుడావిడ చెయ్యెత్తి ఆపి, "ఇక్కడ ఎవరు ఆడతారు?" అని అడిగింది. నేను ఆడవాళ్ళు కూర్చున్న వైపు చూశాను. నరసమ్మ వదిన తల దించుకుంది. పక్కన పంతులమ్మ ఆవిణ్ణి మోచేత్తో పొడిచింది.

"రా బహెన్," అంది పెరిన్‌బాయి.

అంత మంది మగాళ్ళ ముందు వదిన వస్తుందనుకోలేదు. వచ్చింది. నేను చెప్పులు తెచ్చి స్కేట్లు బిగించాను. ఆవిడ నా భుజం పట్టుకుంది.

"బావూ, పడిపోతే ఈ ఊళ్ళో తలెత్తుకోలేను."

"గుండ్రం మీదున్నావు వదినా. ఎవరూ పిలవరు."

ఆరిన సగంలో ఉన్న గుండ్రాల మీదే ఇద్దరూ చెరోటి పట్టారు. ఒకావిడ బొంబాయి ఫ్రాకులో, ఒకావిడ గోచీ పోసిన చీరలో. కలిసే చోట ఎదురుపడి, గుండ్రాలు మార్చుకుని వెళ్ళారు. వదిన ఎనిమిది పూర్తి చేసింది. తర్వాత ఆడవాళ్ళ వైపు నుంచి లేచింది చూడండి చప్పుడు, పెరిన్‌బాయికి కూడా అంత లేవలేదు.

జరిగింది ఇదీ. దీన్ని ఎవరూ చెప్పరు. ఆ చప్పట్లు తగ్గకముందే ఆడవాళ్ళు కుర్చీల మధ్య నుంచి దిగి వచ్చారు. చెప్పులు విడిచి నా చుట్టూ మూగారు. "నాకు కట్టు భయ్యా." "మా అమ్మాయికి కట్టు." ఒకావిడ పసిబిడ్డని ఇంకొకళ్ళ చేతిలో పెట్టి మరీ కాలు చాచింది. పెరిన్‌బాయి నేల మీద కూర్చుని తనే ఒక పిల్లకి పట్టీ కడుతోంది.

"బాయీజీ," అంటూ సెక్రటరీ గారు వచ్చారు. "అక్కడ డిన్నరుకి పెద్దవాళ్ళు కనిపెట్టుకుని ఉన్నారు."

"ఒక్క గంట ఉంటాను. వీళ్ళని నిలబెట్టి వస్తాను."

"రేపు చూసుకుంటారు లెండి వీళ్ళు. ఫోటోగ్రాఫరు కూడా అక్కడే ఉన్నాడు."

ఆవిడ రెండోసారి కూడా అంది. ఆయన రెండోసారి కూడా ఆ మెత్తటి నవ్వు నవ్వాడు. పూలదండ మళ్ళీ మెళ్ళో వేసి, చుట్టూ నలుగురు చేరి తీసుకుపోయారు. ఆవిడ కట్టిన పట్టీ సగంలో ఉండిపోయింది. నావైపు తిరిగి, "లైట్లు ఆర్పి తాళం వెయ్యి సింహాచలం. రేపటి నుంచి రమ్మను అందర్నీ," అన్నాడాయన.

తాళం

రేపు లేదు. మర్నాడు తాళంచెవి ఆయన దగ్గరికి పోయింది. చెక్కలు లేచాయి కదా, రిపేరు అయ్యేదాకా వద్దన్నారు. ఎవరు లేపారు ఆ చెక్కల్ని? స్టేజీ వైపు సగం బానే ఉంది, అక్కడ ఆడనివ్వండి అన్నాను. "పడితే బాధ్యత ఎవరిది?" అన్నారు. ఉబ్బిన చెక్కలు నేనే రందాతో చిత్రిక పట్టి సరి చేస్తానన్నాను. పైనుంచి ఆర్డరు కాగితం మీద రావాలన్నారు.

శనివారం ఆడవాళ్ళు వచ్చారు. ఉర్లా నుంచి ఎండలో నడిచి వచ్చిన తల్లీకూతుళ్ళు కూడా ఉన్నారు. తాళం చూసి వెళ్ళారు. మళ్ళీ శనివారం కొంతమంది వచ్చారు. ఆ పై వారం ఇంకా తక్కువ. నేను ఆ మెట్ల మీద కూర్చుని ఒక్కొక్కళ్ళకీ అదే మాట చెప్పాను, వచ్చే వారం అని. చెప్పీ చెప్పీ నాకే సిగ్గేసింది. రెండు పంటలైనట్టుంది, అప్పటికి తలుపు తీశారు. మొదటి రోజు వచ్చింది పాతవాళ్ళే, నరసమ్మ వదినా, పంతులమ్మా, అత్తాకోడళ్ళూ.

సెక్రటరీ గారు గుమ్మంలో నిలబడి లోపలికి చూసి, నిట్టూర్చి, వెళ్ళిపోయారు. ఆ నిట్టూర్పు విన్నప్పుడే నాకు భయమేసింది.

మీటింగు

ఇన్‌స్టిట్యూట్ మీటింగులో ఆయన చాలా బాధగా మాట్లాడారు. నేను గోడ పక్కన టీ గ్లాసుల దగ్గర నిలబడి విన్నాను.

"దేశంలోనే గొప్ప స్కేటరుని తెప్పించాం. ఆ రోజు హాలు చూశారు. తర్వాత హాలూ చూశారు. అంతటి మనిషి లేపలేని ఆసక్తిని మనమేం లేపుతాం? శాయశక్తులా ప్రయత్నించాం, జనం రాలేదు."

తలలు ఊగాయి. షోకి ముందు ఆ కొద్దిమంది ఆడవాళ్ళు ఎవరికీ తక్కువగా కనపడలేదు. హాలు నడుస్తోంది, అంతే అనుకునేవాళ్ళు. షో అయ్యాక, కిటికీలెక్కిన జనాన్ని చూశాక, వాళ్ళు లెక్కలోకే రాకుండా పోయారు. ఆ ఒక్క సాయంత్రం కొలతగా పెట్టి వాళ్ళని కొలిచారు. ఏ ఆట నిలుస్తుంది అలా కొలిస్తే? పెళ్ళి రోజు పంక్తితో కొలిచి, రోజూ ఇంట్లో అన్నం మానేస్తామా?

వాకిలి దగ్గర నరసమ్మ వదిన నిలబడి ఉంది. మెంబరు రాములన్న. ఆవిడ లోపలికి రాకూడదు. బయటినుంచే అంది.

"బావుగారూ, ఆ రేత్రి మా కాళ్ళకి సెక్రాలు కట్టనిచ్చినారా? తాళమేసీసి ఎవులూ రానేదంటే ఎలాగండీ?"

"అమ్మా, మీ ఆయన మెంబరు. ఆయన్ని మాట్లాడమనండి."

"ఆయనకి సెక్రాలు రావు బావూ. నాకొచ్చు."

కొంతమంది నవ్వారు. రాములన్న లేచాడు. చుట్టూ చూసి మళ్ళీ కూర్చున్నాడు. చేతులెత్తమన్నారు. నేల తీసేసి బండలు పరిచి పేకాట గది చెయ్యాలని తేలింది. నేను గ్లాసులు ఏరుకుని బయటికొచ్చాను. వదిన అప్పటికే వెళ్ళిపోయింది. ఆ రోజు రాములన్నతో కూడా ఆవిడ మాట్లాడలేదట.

కొత్తగా పనికి చేరేవాళ్ళకి

పెద్ద ప్లేయరు వస్తే చచ్చిపోతున్న ఆట బతుకుతుందా అని మిమ్మల్ని ఎవరైనా అడిగితే నా మాట చెప్పండి. పెద్ద ప్లేయరు ఒక సాయంత్రం తెస్తాడు. జనానికి కాళ్ళు దురద పెట్టేలా చేస్తాడు. ఆ దురద ఆ రాత్రికీ మర్నాటికీ ఉంటుంది. ఆ రెండు రోజుల్లో తలుపు తీసి, బూట్లు లేని కాలికి చెప్పు కుట్టించి, మోచెయ్యి పట్టుకునే మనిషి అక్కడుంటే ఆట బతుకుతుంది. ఆ మనిషికి తాళంచెవి ఇవ్వకుండా బొంబాయి నుంచి దేవతని తెచ్చినా చూసి పోతారు.

ఇంకోటి. మీ దగ్గరికి రోజూ వచ్చే పదిమందిని రాబోయే వెయ్యిమంది కోసం బయట నిలబెట్టమని ఎవరైనా అంటే, ఎంత మెత్తగా అన్నా ఒప్పుకోకండి. పోట్లాడండి. నేను బతిమాలాను. బతిమాలితే చాలదు.

పెరిన్‌బాయి మీద నాకు ఏమీ లేదు. ఆవిడ ఒక్క గంట అడిగింది. రెండుసార్లు అడిగింది.

చెక్కలు తీసేసినప్పుడు రైల్వే వాళ్ళకి చవగ్గా అమ్మేశారు. రాములన్న కొన్ని కొన్నాడు. భార్యకి ఆయన చెప్పుకోగలిగిన క్షమాపణ అదేనేమో. వదిన వాటితో భోజనాల పీటలు చేయించింది. గుండ్రాల తెల్ల గీత ప్రతి పీట మీదా ఇంత ముక్క ఉంటుంది. నేను రిటైరైన రోజు నన్ను భోజనానికి పిలిచింది. పీటలు వరసగా వేసి ఉన్నాయి. గీత గీతకి కలిసేట్టు చూసి మరీ వేసింది. ఎనిమిదిలో ఒక పక్క కనిపిస్తోంది, రెండో పక్క లేదు. ఆ చెక్కలు ఎవరింటికి పోయాయో.

కూర్చున్నాను. ముద్ద కలపబోయాను. గ్లాసు తగిలి పక్క పీట మీద నీళ్ళు ఒలికాయి. ఆలోచించకుండా నా కండువా తీసి ఒత్తి తుడిచేశాను.

వదిన వడ్డిస్తూ ఆగి చూసింది. నవ్వుతుందనుకున్నాను.

"బాగా అద్దు బావూ," అంది. "అంచు లేసిపోద్ది."

ఇంతే నేను రాయగలిగింది. ఇందులో అక్షర దోషాలు చాలా ఉంటాయి, మా అమ్మాయి కొన్నే దిద్దింది, మిగతావి నావే. పెద్ద మనసుతో వాటిని క్షమించండి. చెక్క మీద నీళ్ళు పోసి జనం రాలేదన్నవాళ్ళని మాత్రం నన్ను క్షమించమని అడక్కండి.